ప్లేట్‌లెట్ జబ్బుల ‘మార్కర్’కి తెలుగు మాట: ఆనవాలా, సూచికా, మరేదైనానా?

పెరంబూరు అనువాదకురాలు:
అందరికీ నమస్కారం. చెన్నైలో ప్లేట్‌లెట్ జబ్బుల మీద జరిగే ఒక అధ్యయనానికి అనుమతి పత్రం తెలుగు చేయాలి. నెల్లూరు, సూళ్లూరుపేట, నగరి, చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లు చదివి సంతకం పెట్టే కాగితం అది. మార్కర్ అంటే ఇక్కడ జబ్బు సంగతి తెలపడానికి రక్తంలో కొలిచే ప్రొటీన్. మూలంలో మూడు మాటలు పక్కపక్కనే ఉన్నాయి: డయాగ్నస్టిక్ మార్కర్, ప్రోగ్నాస్టిక్ మార్కర్, ప్రెడిక్టివ్ మార్కర్. ఇప్పుడున్న ముసాయిదా ఇదీ: “రక్తఫలకికల రుగ్మతలలో రోగ నిర్ధారణ, రోగఫలిత నిర్ధారణ, చికిత్సాఫలిత నిర్ధారణ మాంసకృత్తు సూచికలను పరిశీలించెదరు.” దీన్ని వేరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి చేయిస్తే మూడూ ఒకటే అయి కూర్చున్నాయి. ఆ తేడా నిలవకపోతే ఎథిక్స్ కమిటీ తిప్పి పంపుతుంది, పంపాలి కూడా. ముసాయిదాలో మరోచోట ‘రక్తరసం’ అన్న మాట కూడా ఉంది. రక్తం తీసే సిబ్బందికిచ్చే కాగితం కూడా తెలుగులో కావాలి. మీరైతే ఏమంటారు?

నీలిమూత (ల్యాబ్):
ముందు ఆ మూడూ చేసే పనేమిటో చూద్దాం అండీ, మాట దానంతటదే దొరుకుతుంది.

మొదటిది “ఇది ఏ జబ్బు?” అన్న ప్రశ్నకు జవాబు. టీటీపీ అనే జబ్బు తీసుకోండి. రక్తంలో వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ అని పొడుగాటి దారం లాంటి ప్రొటీన్ ఉంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు ముక్కలు చేసే కత్తెర ఆడమ్‌ట్స్-13 అనే ఎంజైము. కత్తెర పనిచేయకపోతే దారాలు పొడుగ్గానే మిగిలి, ప్లేట్‌లెట్లు వాటికి అతుక్కుని, సన్నటి నాళాల్లో గడ్డలు కడతాయి. ప్లేట్‌లెట్లన్నీ అక్కడే ఖర్చయిపోతాయి. ఈ ఎంజైము పనితనం 10 శాతం కన్నా తగ్గిందంటే, మిగతా లక్షణాలు కూడా కలిస్తే, అది టీటీపీ.

రెండోది “ఈ మనిషికి జబ్బు ఇకముందు ఎలా నడుస్తుంది?” అన్నదానికి. అదే టీటీపీలో ట్రోపోనిన్ అనే గుండె కండరపు ప్రొటీన్ రక్తంలో పెరిగి ఉంటే గుండె కండరానికి దెబ్బ తగిలిందని అర్థం. అలాంటివారికి ప్రాణాపాయం ఎక్కువ, కళ్లలో వత్తులు వేసుకుని చూడాలి.

మూడోది “ఈ మందు ఈ మనిషికి పనిచేస్తుందా?” అన్నదానికి. ఐటీపీ అంటే ఒంటి రోగనిరోధక శక్తే ప్లేట్‌లెట్లను నాశనం చేసే జబ్బు. అందులో త్రాంబోపోయిటిన్ అనే, ప్లేట్‌లెట్ల పుట్టుకను పెంచే ప్రొటీన్ మంచి ఉదాహరణ. లివర్ దీన్ని ఇంచుమించు ఒకే పాళంలో తయారుచేస్తుంది, ప్లేట్‌లెట్లూ వాటి తల్లికణాలూ దాన్ని పీల్చుకుంటాయి. ఎముకల్లోని మజ్జే ఎండిపోయిన జబ్బులో పీల్చుకునేవాళ్లు లేక అది రక్తంలో బాగా పేరుకుంటుంది. ఐటీపీలో ప్లేట్‌లెట్లు పుడుతూనే ఉంటాయి, వెంటవెంటనే నాశనమవుతుంటాయి. పోతూపోతూ అవి దాన్ని పట్టుకుపోతాయి కాబట్టి మామూలుగానో, కాస్త ఎక్కువగానో ఉంటుంది. అది తక్కువగా ఉన్నవారికి ఎల్ట్రాంబోపాగ్, రోమిప్లోస్టిమ్ అనే మందులు బాగా పనిచేసే అవకాశం ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. రోజువారీ పరీక్షగా మాత్రం ఇంకా స్థిరపడలేదు.

ఒక మెలిక ఉంది, ముసాయిదా తప్పింది అక్కడే. టీటీపీ తగ్గాక, మనిషి బాగానే తిరుగుతున్నప్పుడు, అదే ఆడమ్‌ట్స్-13 మళ్లీ 20 శాతం కిందికి జారితే జబ్బు తిరగబెట్టే ముప్పు ఉంది. అంటే మొదటి రోజున అది మొదటి రకం, ఏడాది తర్వాత రెండో రకం. పేరు ప్రొటీన్‌కి కాదు, మనం అడిగే ప్రశ్నకి.

పదకోశం:
నీలిమూత గారి చివరి వాక్యాన్ని పట్టుకుని చెబుతాను. మొదటిదానికి ‘ఆనవాలు’ సరిపోతుంది. హనుమంతుడు ఉంగరం చూపించింది ఆనవాలుగా: “ఇతడు రాముడి మనిషే” అని తేల్చడానికి. గుర్తింపు అంతటితో అయిపోతుంది, రేపటి కబురు అందులో లేదు.

రెండోదానికి మన పాత వైద్యంలో చక్కటి చర్చ ఉంది. సాధ్యం, కష్టసాధ్యం, యాప్యం, అసాధ్యం అని జబ్బుల్ని విడదీశారు. పూర్తిగా పోదు, మందు వాడినంతకాలం అణిగి ఉంటుంది అన్నది యాప్యం. పెద్దవాళ్లలో మొండికేసిన ఐటీపీకి ఇంతకన్నా సరైన మాట లేదు, కానీ ఇవాళ ఎవరికీ తెలియదు. ‘నిదానం’ కూడా అంతే. వైద్యంలో రోగకారణం, రోగాన్ని తేల్చడం. వాడుకలో ‘మెల్లగా’. పత్రంలో రాస్తే “నిదానంగా చేస్తారట” అనుకుంటారు. ‘అరిష్టం’ అసలే వద్దు. శాస్త్రంలో అది చావు దగ్గరపడిన గుర్తు, ఇంట్లో అపశకునం. శకునం, జోస్యం కూడా పనికిరావు. ప్రొటీన్ చెప్పేది సంభావ్యత, జాతకం కాదు.

నా సలహా ‘పోకడ’. జబ్బు పోకడ తెలిపే సూచిక.

నెల్లూరు కోడలు:
పదకోశం గారూ, పోకడ దగ్గర ఆగండి. మా ఇళ్లలో ఆ మాట వినపడేది “వాన రాకడ, ప్రాణం పోకడ” అన్న సామెతలోనే. “మీ జబ్బు పోకడ చూస్తాం” అంటే సగం మందికి జబ్బు పోవడం, మిగతా సగానికి ప్రాణం పోవడం గుర్తొస్తుంది. పత్రికల్లో ‘కొత్త పోకడలు’ అని చదివేవాళ్లకు సరే, అందరికీ కాదు.

‘నడక’ అనండి. జబ్బు ఎలా నడుస్తోంది అని మనం అడుగుతూనే ఉంటాం కదా. మూడోదానికి కూడా ఇంట్లో మాట ఉంది: జబ్బు మందుకి *లొంగింది*, *లొంగలేదు*.

పదకోశం:
ఒప్పుకుంటున్నాను. నడక మేలు.

టీ.నగర్ పాఠకుడు:
‘రక్తఫలకికలు’ మార్చాలా? పాఠ్యపుస్తకంలో అదే కదా ఉంది.

నెల్లూరు కోడలు:
మార్చాలండీ. డెంగ్యూ వచ్చిన ప్రతి ఊళ్లో “ప్లేట్‌లెట్లు పడిపోయాయి” అంటారు, ‘ఫలకికలు’ ఎవరూ అనరు. చెన్నైలో ఇంకో చిక్కు ఉంది. వార్డులో తమిళంలో ‘తట్టణుక్కళ్’ అంటారు. తమిళంలో తట్టు అంటే పళ్లెం, మనకి తట్టు అంటే పిల్లలకు పోసే తట్టు. ప్లేట్‌లెట్లు బాగా తగ్గినప్పుడు కాళ్ల మీద ఆవగింజంత ఎర్రచుక్కలు కూడా వస్తాయి కాబట్టి, విన్న మాట, కన్న చుక్క రెండూ కలిసి “తట్టు పోసింది” అనుకోవడం ఖాయం. వేలితోనో గాజుగ్లాసుతోనో నొక్కి చూస్తే కొత్తగా పోసిన తట్టు ఎరుపు కాసేపు వెలిసిపోతుంది. ఈ చుక్కలు వెలవవు. రక్తం నాళం దాటి చర్మంలోకి వచ్చేసింది కనుక. అందుకే పత్రంలో ‘ప్లేట్‌లెట్లు’ అనే రాసి, పక్కన “రక్తం కారకుండా ఆపే చిన్న కణాలు” అని ఒక్కసారి చెప్పండి.

‘మాంసకృత్తు’ కూడా తీసేయండి. శాకాహారులకు మొదటి సగమే వినపడుతుంది. ‘ప్రొటీన్’ చాలు, కానీ “తినే ప్రొటీన్ కాదు, మీ రక్తంలో సహజంగా ఉండేది” అని ఒక ముక్క కలపండి. లేకపోతే గుడ్లు మానేయాలా అని అడుగుతారు.

నీలిమూత (ల్యాబ్):
ముసాయిదాలో నాకు అన్నిటికన్నా భయం వేసిన మాట ‘రక్తరసం’. ప్లాస్మాకీ అదే, సీరంకీ అదే వేసి ఉంటే ఇది భాషాదోషంతో ఆగదు, ఫలితమే తప్పుతుంది. ప్లాస్మా అంటే రక్తాన్ని గడ్డకట్టనివ్వకుండా కణాలు వేరుచేస్తే మిగిలే ద్రవం. సీరం అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలేది. గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు తమ సంచుల్లోని ప్రొటీన్లన్నీ కక్కేస్తాయి. పీఎఫ్4, పి-సెలెక్టిన్ లాంటివి సీరంలో కొలిస్తే జబ్బు వల్ల పెరిగినవా, గొట్టంలో పెరిగినవా తెలియదు. కాబట్టి రెండు మాటల్నీ అలాగే తెలుగు లిపిలో ఉంచండి.

సిబ్బందికిచ్చే కాగితం కూడా తెలుగులో కావాలన్నారు కదా, అందులో ఇవి తప్పనిసరి:

నీలిమూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా 3.2 శాతం సిట్రేట్ ఉంటుంది. 9 పాళ్ల రక్తానికి 1 పాలు. 0.3 మి.లీ. సిట్రేట్‌కి 2.7 మి.లీ. రక్తం, గీత దాకా. తక్కువ పోస్తే పలచబడుతుంది. ‘గిలకొట్టాలి’ అని ఎక్కడా రాయకండి, ‘మెల్లగా నాలుగైదుసార్లు తలకిందులు చేయాలి’ అనండి. కుదిపితే ప్లేట్‌లెట్లు రెచ్చిపోతాయి. ఐసులో పెట్టకూడదు. చల్లదనానికి వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ తగ్గినట్టు కనబడుతుంది. 4 గంటల్లోపు సెంట్రిఫ్యూజ్ యంత్రంలో 1500 జీ (గురుత్వాకర్షణకు 1500 రెట్లు) బలంతో 15 నిమిషాలు తిప్పి, పై భాగం తీసి, అడుగు కదపకుండా, మళ్లీ అంతే తిప్పాలి. ప్లాస్మాలో మిగిలిన ప్లేట్‌లెట్లు మైక్రోలీటరుకి 10,000 కన్నా తక్కువుండాలి. ఒక్కసారే తిప్పి ఫ్రీజర్‌లో పెడితే, కరిగించేటప్పుడు మిగిలినవి పగిలి లోపలివి బయటపడతాయి.

ఊదామూత గొట్టం ఆడమ్‌ట్స్-13కి పనికిరాదు. అందులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ కాల్షియం, జింకుల్ని కట్టేస్తుంది, అవి లేనిదే ఎంజైము కదలదు. బాగున్న మనిషికి కూడా సున్నా వస్తుంది. ఊదామూతతో ఇంకో మోసం: కొందరి రక్తంలో ప్లేట్‌లెట్లు అందులో ముద్దలు కట్టి, యంత్రానికి తక్కువగా కనిపిస్తాయి. 42,000 అని వచ్చి, ఒంటి మీద ఒక్క చుక్క లేకపోతే గాజుపలక మీద మైక్రోస్కోపులో చూడండి, నీలిమూతలో మళ్లీ లెక్కించండి. 1,80,000 వస్తే సిట్రేట్ పలచన సరిచేయడానికి 1.1తో గుణించాలి, 1,98,000. ఇక్కడ ‘ముద్ద’ అనే రాయండి, ‘గడ్డ’ వద్దు. గడ్డ అంటే కణితి అనుకునేవాళ్లున్నారు.

పెరంబూరు అనువాదకురాలు:
అందరికీ ధన్యవాదాలు. రోగులకిచ్చే పత్రంలో నామవాచకాలన్నీ విప్పేసి ఇలా రాశాను:

“మీ రక్తంలో సహజంగా ఉండే కొన్ని ప్రొటీన్లను కొలుస్తాం. కొన్ని మీ ప్లేట్‌లెట్ జబ్బు ఏదో ఆనవాలు పట్టడానికి. కొన్ని ఆ జబ్బు ముందుముందు ఎలా నడవవచ్చో తెలుసుకోవడానికి. కొన్ని అది ఏ మందుకు లొంగే అవకాశం ఉందో చూడడానికి. ఇందుకు రెండు చిన్న గొట్టాల రక్తం, మొత్తం 5.4 మి.లీ., సుమారు ఒక టీచెంచా తీసుకుంటాం.”

పదకోశ పట్టికలో మాత్రం: ఆనవాలు సూచిక, నడక సూచిక, లొంగుబాటు సూచిక.

పదకోశం:
‘నడవవచ్చో’, ‘అవకాశం ఉందో’ రెండూ అలాగే ఉంచండి. ‘నడుస్తుందో’ అని సరిదిద్దనివ్వకండి.

నీలిమూత (ల్యాబ్):
ఒక్క వాక్యం కలపండమ్మా: “ప్లాస్మా మార్పిడిగానీ, ప్లాస్మా ఎక్కించడంగానీ మొదలవక ముందే ఈ రక్తం తీస్తాం.” టీటీపీ చికిత్సలో ఎక్కించే దాత ప్లాస్మాలో ఆడమ్‌ట్స్-13 ఉంటుంది. ఒక్క సంచి ఎక్కాక తీస్తే మనం కొలిచేది దాతదీ కలిసినదే. అలాగని రక్తం తీయడం కోసం చికిత్స ఆపరని కూడా అదే వాక్యం పక్కన ఉండాలి.