కారు ఏసీ హోస్ లీకైతే చెన్నైలో ఎంతవుతోంది?

ఓఎంఆర్_నెల్లూరు: అందరికీ నమస్కారం. మాది 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. పోయిన నెల నింపించిన గ్యాస్ అప్పుడే అయిపోయింది. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి గ్యాస్ తీసుకెళ్లే పైపు, అదే హోస్, పోయిందని సర్వీస్ సెంటర్‌లో చెప్పారు. హోస్, గ్యాస్, లేబర్ కలిపి 8,400 అంటున్నారు. రోహిణి కార్తెలోపు అమ్మానాన్నలను ఊరి నుంచి తీసుకురావాలి. ఆ ఎండకి నాన్నగారు తట్టుకోలేరు, అదే టెన్షన్. బయట చేయించినవాళ్లు రేట్లు చెప్పగలరా?

వేళచ్చేరి_రావు: ముందు ఏది పోయిందో కనుక్కోండి. ఆ హోస్‌కి రెండు చివర్లా అల్యూమినియం గొట్టాలు, మధ్యలో రబ్బరు ఉంటాయి. గొట్టాలు బాగుంటే పాత రబ్బరు తీసేసి కొత్తది క్రింపింగ్ చేస్తారు, అంటే మెషీన్‌తో నొక్కి గొట్టాలకి బిగిస్తారు. నాకు కారు విడిభాగాల షాపులుండే జీపీ రోడ్డు దగ్గర పైపుకి 1,300, గ్యాస్‌కి 1,600 అయింది. పోయిన వేసవంతా చల్లగానే ఉంది. ఏసీకి వాడే బ్యారియర్ హోసే (గ్యాస్ బయటికి పోనివ్వని పొర లోపల ఉండేది) అడగండి. మామూలు రబ్బరు పైపు ఈ గ్యాస్‌ని ఆపలేదు.

అంబత్తూరు_ఏసీ_పని: నేను ఈ పనిలోనే ఉన్నాను. నెలలో గ్యాస్ అయిపోయిందంటే లీకు పెద్దదే. ఎక్కడో చూపించమని గట్టిగా అడగండి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి లీకున్న చోట జిడ్డు బయటికొచ్చి దుమ్ము పట్టి నల్లగా ఉంటుంది. టార్చి వేస్తే మీకే కనిపిస్తుంది. క్లిప్పు ఊడి హోస్ బ్రాకెట్‌కి రాసుకున్న చోట, రబ్బరుని గొట్టానికి నొక్కి పట్టే క్రింపింగ్ కాలర్ దగ్గర ముందు చూడండి. కనిపించకపోతే నైట్రోజన్ ఎక్కించి సబ్బు నీళ్లు రాయాలి. ఈ టెస్టుకి డబ్బు తీసుకుంటే ఇవ్వండి, ఊరికే గ్యాస్ నింపించడం కంటే అదే మేలు.

పైపు బిగించేటప్పుడు ఓ-రింగులు (జాయింట్లలో లీకు ఆపే రబ్బరు రింగులు) కొత్తవి వేయాలి. తర్వాత అరగంటైనా వాక్యూమ్ లాగి, అంటే లోపలి గాలంతా పంపుతో తీసేసి, ఆపాలి. గేజి ముల్లు కదలకుండా నిలబడితేనే గ్యాస్ పట్టాలి, అదీ తూకం వేసి. ఎన్ని గ్రాములో బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. గ్యాస్ తక్కువగా ఉన్నప్పుడు మాత్రం దయచేసి ఏసీ వేయకండి. ఆయిల్ సరిగా తిరగక కంప్రెసర్ పట్టేస్తే ఖర్చు ఎన్నో రెట్లవుతుంది.

పల్లావరం_టీచర్: మాది ఎలుక కొరికింది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేద్దామని లెక్క చూశాం. రబ్బరు పార్టుకి 50 శాతం తరుగుదల కోత, ఆపైన 1,000 మనమే పెట్టుకోవాలి, నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. చిన్న బిల్లుకి గిట్టుబాటు కాదని చేతి డబ్బుతోనే చేయించాం.

తాంబరం_కిరణ్: ఎస్టిమేట్‌లో పన్ను చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతమే, పాత 28 కాదు. పాత విడిభాగాలు అమ్మే పుదుప్పేట్‌లో పాత హోస్ దొరుకుతుందని కొందరు పంపిస్తారు, వద్దు. దాని రబ్బరు ఎంత ఎండిపోయిందో పైకి తెలియదు.

ఓఎంఆర్_నెల్లూరు: అందరికీ చాలా థ్యాంక్స్. ఇవాళ వెళ్లి చూపించమని అడిగాను. జిడ్డు కాలర్ దగ్గరే ఉంది, గొట్టాలకి దెబ్బేమీ లేదు. రావుగారూ, క్రింపింగ్‌కి కారు తీసుకెళ్లాలా, పైపు విప్పి పట్టుకెళ్తే చాలా?

వేళచ్చేరి_రావు: కారే తీసుకెళ్లండి, ఏసీ ఆపేసి. వాక్యూమ్, గ్యాస్ అక్కడే అయిపోతాయి. పైపు విప్పే ముందు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. రబ్బరు అదే పొడవు, చివర్లు అదే తిప్పులో ఉండాలి, లేకపోతే మళ్లీ బ్రాకెట్‌కి రాసుకుంటుంది.