జైలు నుంచి వచ్చినవాళ్ళ ఆరోగ్య సర్వే: అంగీకారం గేటు లోపలా, బయటా?

లెక్కలగది:
విడుదలైనవాళ్ళ ఆరోగ్యాన్ని ఆరు నెలలు వెంబడించి చూడాలంటే అంగీకారపత్రం ఎక్కడ తీసుకోవాలి? నన్నడిగితే జైల్లోనే, విడుదలకు వారం ముందు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1999-2003 మధ్య విడుదలైన 30,237 మందిని పరిశీలిస్తే, మొదటి రెండు వారాల్లో వాళ్ళకి చావు ముప్పు అక్కడి మిగతా జనం కంటే 12.7 రెట్లు తేలింది. మాదకద్రవ్యాల మోతాదు మించడం అందులో ప్రధాన కారణం: లోపల ఉన్నన్నాళ్ళూ ఒంటికి అలవాటు తప్పుతుంది, బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే ప్రాణం పోతుంది. నెల తర్వాత బస్తీలో వెతికితే దొరికేది బతికి, ఓ చోట కుదురుకున్నవాళ్ళే. ఇక "అందరూ బాగానే ఉన్నారు" అని నివేదిక రాసుకోవచ్చు.

మూడోకుర్చీ:
లెక్క సరే గానీ లెక్కలగది గారూ, లోపలున్నవాడు "వద్దు" అనగలడా? సత్ప్రవర్తన గురించి రాసేదీ, ములాఖత్ ఇచ్చేదీ ఆ ఆఫీసే. వాటికీ సర్వేకీ సంబంధం లేదని ఎన్నిసార్లు చెప్పినా అతనెందుకు నమ్మాలి? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఖైదీలకు ప్రత్యేక రక్షణ కావాలన్నది ఊరికే కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో హోమ్స్‌బర్గ్ జైల్లో 1951 నుంచి 1974 దాకా ఖైదీల చర్మం మీద జరిగిన ప్రయోగాలకూ సంతకాలున్నాయి మరి.

ఇంకో మాట. ప్రతిపాదన పేరులో "మాజీ నేరస్తులు" కొట్టేయండి. 2022 జైలు గణాంకాల ప్రకారం దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం విచారణ ఖైదీలే. బెయిలు మీద వచ్చినవాడి కేసు ఇంకా నడుస్తుంటుంది. "ఏం వాడేవారు?" అని మనం అడిగితే అతను చెప్పే జవాబు మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్), వాడకాన్ని శిక్షించే సెక్షన్ 27 కింద నేరం ఒప్పుకున్నట్టు. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ నిధులతో చేసే ఇలాంటి పరిశోధనకు గోప్యతా సర్టిఫికెట్ ఉంటుంది, దాంతో కోర్టడిగినా పాల్గొన్నవాళ్ళ పేర్లు ఇవ్వక్కర్లేదు. ఇక్కడ ఆ కవచం లేదు. మన దగ్గర లేని సమాచారాన్ని ఎవరూ లాక్కోలేరు కదా, అందుకే కేసు నంబరు, సెక్షన్, సహనిందితుల పేర్లు అసలు అడగొద్దు. ఎన్ని నెలలున్నారు, ఏ నెలలో వచ్చారు. అంతే.

బస్తీబాట:
మధ్యే మార్గం ఉంది, తేలికేం కాదు. లోపల సంతకాలూ ఫోన్ నంబర్లూ తీసుకోవద్దు. విడుదలయ్యే ప్రతి ఒక్కరికీ ఓ చీటీ: సర్వే పేరు, ఉచిత ఫోన్ నంబరు, సర్వే కేంద్రానికి దగ్గరి బస్టాపు. దాని మీద "జైలు" మాట కనపడకూడదు, ఇంటి ఓనరు చూస్తే గది పోతుంది. మిస్డ్ కాల్ ఇస్తే మనమే తిరిగి చేస్తాం. అంగీకారం బయట సర్వే కేంద్రంలోనే, చదివి వినిపించాక. వేలిముద్ర వేస్తే పక్కన చదువొచ్చిన, సర్వేతో సంబంధం లేని సాక్షి ఉండాలి. కానిస్టేబులూ వార్డరూ పనికిరారని విడిగా రాయండి. తర్వాత నాలుగు సంగతులు అతని మాటల్లోనే చెప్పించాలి: ఎందుకు, ఎంతసేపు, మధ్యలో మానేస్తే ఏమవుతుంది, ఎవరికి చెప్తాం. మూడోదానికి "డబ్బులు రావు" అన్నాడా, మనం సరిగ్గా చెప్పలేదన్నమాట. మళ్ళీ మొదట్నించీ.

చీటీతో వచ్చేవాళ్ళు చాలకపోతే గొలుసు పద్ధతి: మొదట ఆరేడుగురు, ఒక్కొక్కరికి మూడు కూపన్లు, తమకు తెలిసిన విడుదలైనవాళ్ళకి ఇచ్చి పంపడానికి. గొడవలన్నీ ఇక్కడే. కూపన్లు అమ్ముకుంటారు. జైలు మొహం చూడనివాడూ డబ్బు కోసం వస్తాడు. బస్తీలో పెత్తనం చేసేవాడు ఆ మొదటివాళ్ళలో ఉంటే మిగతావాళ్ళు అతనికి భయపడి వస్తారు, అక్కడా మీ జైలు గేటే మరి. విడుదల కాగితం అడిగితే పేరు బయటపడుతుంది కాబట్టి లోపలి దినచర్య మీద రెండు ప్రశ్నలు వేసి తేల్చుకోవాలి. రెండు వారాలకోసారి వాటిని మార్చకపోతే జవాబులు కూడా కూపన్‌తో పాటు అమ్ముడవుతాయి.

లెక్కలగది:
డబ్బు ఎంత? ఎక్కువిస్తే ప్రలోభమంటారు.

మూడోకుర్చీ:
ఏమీ ఇవ్వకపోతే అది వెట్టి. అక్కడి కూలి రేటు ప్రకారం ఒక పూట డబ్బు, రానూపోనూ చార్జీ. కూర్చోగానే చేతిలో పెట్టాలి, పరీక్షకి రక్తం ఇచ్చినా ఇవ్వకున్నా అంతే. యూపీఐలో పంపితే పేరూ నంబరూ బ్యాంకులో మిగులుతాయి. నగదిస్తే అకౌంట్స్ వాళ్ళు ఆధార్ నకలు అడుగుతారు. పేరు బదులు కోడ్ నంబరుతో ఇచ్చే రసీదుకి ముందే రాతపూర్వక అనుమతి తీసుకోండి. సర్వే మొదలయ్యాక అడిగితే ఆడిట్ అభ్యంతరం తప్పదు.

బస్తీబాట:
"ఎవరికీ చెప్పం" అని కూడా రాయొద్దు, అది అబద్ధమవుతుంది. 2012 నుంచి టీబీ కేసు తెలపడం తప్పనిసరి. తెమడ పరీక్ష చేస్తే, జబ్బు తేలితే ప్రభుత్వ టీబీ రికార్డు నిక్షయ్‌లో పేరు ఎక్కుతుందని పరీక్షకు ముందే చెప్పాలి. ఆత్మహత్య ఆలోచనల ప్రశ్న ఉంటే ఆ పూటే మాట్లాడే మనిషి పక్కనుండాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416 నంబరు రాసిచ్చి పంపేస్తే సరిపోదు.

లెక్కలగది:
చీటీ పద్ధతి ఒప్పుకుంటా. కానీ మొదటి రెండు వారాల్లో పోయినవాళ్ళు మిస్డ్ కాల్ ఇవ్వరుగా? వాళ్ళ కోసం విడుదల జాబితాని మరణాల రిజిస్టరుతో జోడించాల్సిందే. నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి నాలుగో వంతు లోపే గనక, ఎందరు పోయారో తెలుస్తుంది, ఎందుకో తెలియదు.

మూడోకుర్చీ:
జోడింపు పరిశోధకులు కాక వేరే సంస్థ చేసి, పేర్లు తీసేసి అంకెలిస్తే నాకు అభ్యంతరం లేదు. పట్టికలో ఐదుగురి లోపున్న గడులు ఖాళీగా వదలాలి.

లెక్కలగది:
ఐదు చాలదు. ఊరు, కులం, వయసు ఒకే పట్టికలో పెడితే పదిమందున్న గడిలోనూ ఫలానా అని ఊళ్ళోవాళ్ళు పోల్చుకుంటారు. జిల్లా కంటే కిందికి దిగొద్దు.