ఎండకి మాడని ఈ పాకుడు మొక్క ఏమిటి?

ప్రశ్న (సాగర్ నగర్ నుంచి):
మాది ఇసుక నేల, సముద్రపు గాలి నేరుగా కొడుతుంది. మే ఎండకి అపార్ట్‌మెంట్ వెనక లాన్ మొత్తం మాడిపోయింది. మధ్యలో తనంతట తాను మొలిచిన ఒక పాకుడు మొక్క మాత్రం పచ్చగా ఉంది. ఆకులు ఎదురెదురుగా, కాడ దగ్గర సన్నంగా, కొస వైపు వెడల్పుగా ఉన్నాయి. రంపపు పళ్ళు పైసగంలోనే. ఆకు మొదట్లోంచి వేలంత కాడ లేచి, దాని చివర ఊదారంగు బుడిపె. ఆ బుడిపె చుట్టూ ఉంగరంలా చిట్టి తెల్లపూలు. పొద్దున్నే తేనెటీగలు మూగుతాయి. పక్కింటి పిన్నిగారు గుంటగలగర అంటున్నారు. ఆదివారం కమిటీ వాళ్ళు కలుపు మందు కొట్టిస్తారట. నాకు చాలా టెన్షన్‌గా ఉంది, ఆలోపు పేరు చెప్పండి.

జవాబు 1:
గుంటగలగర కాదమ్మా. ఇది బొక్కెనాకు, శాస్త్రీయంగా ఫైలా నోడిఫ్లోరా. వెర్బెనా కుటుంబం, అంటే లాంటానాకి చుట్టం. కాకపోతే లాంటానా అమెరికా నుంచి వచ్చింది, ఇది మన నేలలోదే. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీన్ని వెర్బెనా ప్రజాతిలోనే రాశాడు, 1899లో గ్రీన్ అనే మరో వృక్షశాస్త్రవేత్త ఫైలా ప్రజాతిలోకి మార్చాడు. రెండు చూడండి: నేలకి తగిలిన కణుపు దగ్గర వేళ్ళు దిగి ఉండాలి. పూలు కింది నుంచి పైకి వరసగా విచ్చుకుంటూ, బుడిపె పిప్పలి కాయలా పొడుగవ్వాలి. సంస్కృతంలో జలపిప్పలి అన్నది అందుకే. గుంటగలగర పువ్వు చిన్న చామంతిలా విప్పారి ఉంటుంది, ఆకు గరుకు.

జవాబు 2:
చెన్నైలో ఉన్నప్పుడు మా ఇంటావిడ దీన్ని పొడుతలై (తమిళ పేరు) అని కొని, కొబ్బరినూనెలో కాచి చుండ్రుకి రాసేది. ఉప్పు నేలకీ తొక్కుడికీ తట్టుకుంటుంది. మీకు లాన్ కన్నా ఇదే నయం. మందు పడితే మాత్రం ఆకు ముట్టుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే కిందకి వెళ్ళి చూశాను. ప్రతి కణుపుకీ వేళ్ళున్నాయి! పాత బుడిపెలు అచ్చం పిప్పలి కాయల్లాగే సాగాయి. పిన్నిగారిని పిలిచి చూపించాను, ఒప్పుకున్నారు. సాయంత్రం ఇద్దరం కలిసి సెక్రటరీ గారి దగ్గరికి వెళ్తున్నాం. ముందుజాగ్రత్తగా నాలుగు కణుపులు తుంచి బాల్కనీ కుండీలో నాటాను.