జన్యువు ‘వ్యక్తమవుతుందా’, ‘పలుకుతుందా’?

మొన్న అమలాపురంలో మా పెదనాన్నగారి బయాప్సీ రిపోర్టును ఆయనకు తెలుగులో చెప్పవలసి వచ్చింది. క్యాన్సర్ లేదు. అయితే కడుపు లోపొర కొంతమేర పేగు పొరలా మారిందనీ, అక్కడ మ్యూక్-2 జన్యువు ‘వ్యక్తీకరణ’ కనిపించిందనీ ఉంది. ఆ మాట వినగానే ఆయన “ఎవరు ఏమన్నారట?” అని అడిగారు.

అప్పటినుంచి ఆలోచిస్తున్నాను. జన్యువు ఒక కణంలో పనిచేయడాన్ని ఇంగ్లీషులో ‘జీన్ ఎక్స్‌ప్రెషన్’ అంటారు, దానికి తెలుగుమాటే ఈ ‘వ్యక్తీకరణ’. బదులుగా ‘పలకడం’ అంటే సరిపోతుందని నా అభిప్రాయం.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ అవే జన్యువులుంటాయి. అన్నీ అన్నిచోట్లా పనిచేయవు. కడుపు గోడను ఆమ్లం నుంచి కాపాడే జిగురులో ముఖ్యమైనది మ్యూసిన్. దాని తయారీకి పైపొర కణాల్లో మ్యూక్-5ఏసీ, లోతుగా ఉన్న గ్రంథుల్లో మ్యూక్-6 పనిచేస్తాయి. మ్యూక్-2 పేగులది. ఆరోగ్యంగా ఉన్న కడుపులో అది ఉలకదు, పలకదు. హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి ఏళ్ల తరబడి పొరను దెబ్బతీస్తే కొన్ని కణాలు పేగు కణాల బాట పడతాయి. సీడీఎక్స్-2 అనే ప్రోటీన్ పిలుస్తుంది, మ్యూక్-2 పలుకుతుంది.

‘వ్యక్తీకరణ’లో ఈ పిలుపు లేదు. పైగా ‘పలకడం’లో కొలత కూడా ఇముడుతుంది. అంబాజీపేటలో కొబ్బరి ఈ రోజు ఎంత పలికిందని అడగమూ? జన్యువు ఎక్కువగా పలికింది, తక్కువగా పలికింది అని హాయిగా రాయవచ్చు.

వ్యాఖ్య: పాఠ్యపుస్తకాల్లో ‘వ్యక్తీకరణ’ స్థిరపడిపోయిందండీ. ‘పలికింది’ అంటే నోటిమాట అనుకోరా? క్యాన్సర్ ఏ కణంలో పుట్టిందో చర్చించేటప్పుడు ఈ మాట నిలుస్తుందా?

జవాబు: అక్కడే మరీ బాగా నిలుస్తుందండీ. 1965లో లారెన్ అనే వైద్య పరిశోధకుడు కడుపు క్యాన్సర్లను ఆకారాన్నిబట్టి పేగు తరహా, చెదురు తరహా అని విభజించారు. తర్వాత మ్యూసిన్లను పరీక్షించి చూస్తే, పేగు తరహా ఆకారమున్న కణితులు కొన్నింటిలో కడుపు జన్యువులైన మ్యూక్-5ఏసీ, మ్యూక్-6 పలికాయి. కొన్నింటిలో కడుపువీ పేగువీ కలిసే పలికాయి. అందువల్ల ప్రతి కణితీ పేగులా మారిన పొర నుంచే పుట్టిందనడానికి వీల్లేదు. ఆ పొర ఉన్నవారిలో ఎక్కువమందికి క్యాన్సర్ రాదన్నది కూడా మరవకూడదు. కణం ఇప్పుడు ఏ స్వభావంతో ఉందో పలుకు చెబుతుంది. పుట్టుక తేల్చడానికి అదొక్కటే చాలదు. ఎక్కడో పుట్టినా, రాజోలులో ఇరవై ఏళ్లుంటే మనిషి పలుకుబడి కోనసీమది అవుతుంది కదా!

నిన్న పెదనాన్నగారికి మళ్లీ చెప్పాను: “మీ కడుపులో పేగు జన్యువు ఒకటి పలికిందండీ.” ఆయన వెంటనే “ఎవరు పిలిస్తే?” అన్నారు. పైలోరీ సంగతి, డాక్టరు రాసిన మందులన్నీ చివరిదాకా ఎందుకు వాడాలన్న సంగతి అప్పుడు చెప్పగలిగాను.