150 మి.మీ. టెలిస్కోపుతో హెచ్‌డీ 189733 బి: పల్లం రావాల్సిన చోట వాలు వస్తోంది

చుక్కలరాత్రి:
కర్నూలు శివారు నుంచి హెచ్‌డీ 189733 బి అనే గ్రహం తన నక్షత్రం ముందు నుంచి దాటడాన్ని (ట్రాన్సిట్) పట్టాలని ప్రయత్నం. 150 మి.మీ. ఎఫ్/5 న్యూటోనియన్, మోటారుతో నక్షత్రాన్ని వెంబడించే ఈక్యూ5 మౌంట్ (స్టాండు), డీఎస్‌ఎల్‌ఆర్. ఐఎస్ఓ 400, 2 సెకన్ల ఫ్రేములు, సూదిమొన లాంటి ఫోకస్, మొత్తం 3 గంటలు. మూడు రంగులూ కలిపి, దగ్గర్లోని ఒక నీలితెలుపు నక్షత్రంతో పోల్చాను. నక్షత్రం వెలుగులో 2.4 శాతం పల్లం కనబడాలి కదా? నాకు వచ్చింది ఆవాలు చల్లినట్టు పాయింట్లు, నక్షత్రం నడిరేఖ దాటాక మౌంట్ తిరగేసిన చోట ఒక మెట్టు, నక్షత్రం పడమటికి దిగేకొద్దీ పైకి పాకే వాలు. తప్పు ఎక్కడుంది?

వేగుచుక్క:
మూడూ వేర్వేరు జబ్బులండి.

ఆవాల సంగతి ముందు. అది గాలి మిణుకు. 15 సెం.మీ. అద్దానికి 2 సెకన్ల ఫ్రేములో, నక్షత్రం నడినెత్తిన ఉన్నా, ఒక్కో పాయింటుకి సుమారు 0.7 శాతం ఊగిసలాట తప్పదు. 30 డిగ్రీల ఎత్తుకి దిగితే దానికి మూడు రెట్ల పైనే. ఎక్స్‌పోజర్ 30 సెకన్లు చేస్తే నడినెత్తిన 0.2 శాతానికి పడిపోతుంది. పదేసి ఫ్రేములు సగటు తీస్తే పల్లం కళ్లకు కడుతుంది.

కానీ 7.7 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలమానం) నక్షత్రం సూటి ఫోకస్‌లో 30 సెకన్లు తట్టుకోదు, మధ్య పిక్సెళ్లు నిండిపోతాయి. నిండిన పిక్సెల్ దగ్గర కొలత అబద్ధం. అందుకే ఫోకస్ కావాలనే చెడగొట్టండి. నక్షత్రం 12-15 పిక్సెళ్ల వెడల్పున చిన్న గారెలా, మధ్యలో చిల్లుతో కనిపించాలి. 14 బిట్ కెమెరాలో గరిష్ఠం 16383; అత్యంత వెలుగున్న పిక్సెల్ 6000-10000 మధ్య ఉండేలా ఐఎస్ఓ తగ్గించుకోండి. రా ఫైళ్లే తీయండి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయండి. లేకపోతే ప్రతి ఫ్రేము తర్వాత కెమెరా అంతే సేపు డార్క్ (వెలుగు పడని చీకటి ఫ్రేము) తీస్తూ కూర్చుంటుంది, సగం రాత్రి దానికే పోతుంది.

సప్తర్షి:
వాలుకి కారణం మీరు ఎంచుకున్న పోలిక నక్షత్రం. హెచ్‌డీ 189733 నారింజ రంగుది, బీ-వీ (రంగు సూచిక, పెరిగేకొద్దీ ఎరుపు) సుమారు 0.93. కిందికి దిగేకొద్దీ గాలి పొర నీలాన్ని ఎక్కువ మింగుతుంది. మీ నీలితెలుపు నక్షత్రం ముందు మసకబారుతుంది, దాంతో పోలిస్తే మీ లక్ష్యం వెలుగు పెరిగినట్టు కనిపిస్తుంది. ఆకుపచ్చ ఛానెల్ ఒక్కటే వాడండి, బీ-వీ 0.8-1.1 మధ్య ఉన్నవి రెండు మూడు తీసుకోండి. వాటిని ఒకదానితో ఒకటి పోల్చి గీయండి. ఆ గీత చదునుగా లేకపోతే వాటిలో ఒకటి పనికిరాదు. దగ్గర్లోనే డంబెల్ నీహారిక ఉంది, దారి వెతకడానికి మంచి గుర్తు. దాని మీదున్న చుక్కల్ని మాత్రం పోలికకి తీసుకోకండి, ఆకాశపు వెలుగు లెక్క తప్పుతుంది.

ఇక మెట్టు. మీ ఊళ్లో ఈ నక్షత్రం నడినెత్తికి 7 డిగ్రీల ఉత్తరంగా దాటుతుంది. మౌంట్ తిరగేస్తే ఫీల్డు 180 డిగ్రీలు తిరిగి, పోలిక నక్షత్రాలు ఫ్రేములో అవతలి వైపు, వేరే దుమ్ము మచ్చల మీద పడతాయి. కెమెరానీ ఫోకస్‌నీ ముట్టకుండా, అదే రాత్రి కనీసం 30 ఫ్లాట్లు (దుమ్ము మచ్చల్ని సరిచేయడానికి, సమానమైన వెలుగు మీద తీసే ఫ్రేములు) తీయాలి. ఆస్ట్రోఇమేజ్‌జే (వెలుగు కొలిచే సాఫ్ట్‌వేర్) లో తిప్పకముందు, తిప్పాక విడివిడి ఆఫ్‌సెట్ (సర్దుబాటు) ఇవ్వొచ్చు. అయినా ట్రాన్సిట్ మధ్యలో తిప్పాల్సి వస్తే ఆ రాత్రి వదిలేయడమే నయం.

వేగుచుక్క:
ఒకటి మర్చిపోయాను. 3 గంటలు చాలవు. ట్రాన్సిట్ దాదాపు 1 గంట 50 నిమిషాలు. దానికి ముందో గంట, వెనకో గంట చదును గీత లేకపోతే మిగిలిన వాలుని తీసేయడానికి ఆధారం ఉండదు.

ధ్రువం:
టైము గురించి ఎవరూ అనలేదు. డీఎస్‌ఎల్‌ఆర్ గడియారం నమ్మకండి. ల్యాప్‌టాప్‌ని ఎన్టీపీతో (ఇంటర్నెట్ గడియారంతో) సరిచేసి దాన్నుంచే షూట్ చేయండి. యూటీసీ (అంతర్జాతీయ సమయం) కోసం భారత సమయంలోంచి 5:30 గంటలు తీసేయడం చాలామంది మర్చిపోయేదే. ఫలితం ఎవరికైనా పంపేటట్టయితే సౌరకుటుంబ గురుత్వకేంద్రపు సమయానికి మార్చాలి. ఈ నక్షత్రానికి ఆ తేడా సుమారు 6 నిమిషాల దాకా ఉంటుంది.

రాత్రి ఎంచుకోవడానికి ఒక చిట్కా: పీరియడ్ (గ్రహం ఒక చుట్టు తిరిగే కాలం) 2.21857 రోజులు. తొమ్మిది చుట్లు కలిపితే 20 రోజులకి 47 నిమిషాలు తక్కువ. అంటే ఒక మంచి రాత్రి దొరికితే, 20 రోజుల తర్వాత మళ్లీ దాదాపు అదే వేళకి వస్తుంది. ఈలోగా నక్షత్రం ఉదయించే వేళ 80 నిమిషాలు ముందుకి జరుగుతుంది కాబట్టి, ఈసారి 33 నిమిషాలు ఎక్కువ పడమటికి వాలి ఉంటుంది. మౌంట్ తిప్పే గండం అప్పుడు తప్పొచ్చు.