సమస్యాపూరణం: ఆరు రెట్లు పెరిగి యట్టె యుండె

ఒంగోలు మాస్టారు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను.

“ఆరు రెట్లు పెరిగి యట్టె యుండె”

ధరలు, జీతాలు వద్దు. 142857 అనే సంఖ్య మీదే పూరించాలి. ఆరుతో హెచ్చిస్తే 857142 వస్తుంది. అంకెలు అవే, వరుసా అదే, మొదలయ్యే చోటు మారింది. మహావీరాచార్యుడి గణితాన్ని 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లో పెట్టాడు. ఇంకొల్లు దగ్గరి పావులూరు మన పాత ప్రకాశం జిల్లాలోదే. ఆ ఊరి పక్కనోళ్లం, మనం ఒక్క సంఖ్యనైనా పద్యంలో నిలబెట్టాలి.

నెల్లూరు తమ్ముడు:

శశియు యుగము కనులు సామజంబు శరము
గిరియు వరుస నిలిచి గిర్రు మనుచు
తిరుగు సంఖ్య దాని తీరు గనుడు మీరు!
ఆరు రెట్లు పెరిగి యట్టె యుండె.

ఒంగోలు మాస్టారు: ధార బాగుంది తమ్ముడూ, “గిర్రు మనుచు” మరీ నచ్చింది. అయితే భూతసంఖ్యలకు, అంటే అంకెలకు బదులు వాడే ఈ మాటలకు (శశి 1, యుగం 4, కనులు 2, సామజం అంటే ఏనుగు 8, శరం 5, గిరి 7), “అంకానాం వామతో గతిః”, అంకెలు ఎడమకు నడుస్తాయి అని నియమం ఉంది కదా. ముందు చెప్పింది ఒకట్ల స్థానం. నువ్వు చెప్పిన వరుసకు 758241 వస్తుంది. దాన్ని ఆరుతో హెచ్చిస్తే 4549446, ఏడంకెలు! తిరగడం లేదు. పద్యం నడిచినా లెక్క నడవాలి.

కావలి అక్క:

నగ శర గజ నయన యుగ శశి సంఖ్యను
సగము సగము మార్చి చదివి చూడు
అంకెలన్ని యవియె యాశ్చర్య మిదిగదా!
ఆరు రెట్లు పెరిగి యట్టె యుండె.

ఒంగోలు మాస్టారు: అక్కా, ఇది పూరణ! నగం 7, శశి 1, కుడి నుంచి ఎడమకు సరిగ్గా 142857. మొదటి పాదంలో నగ–యుగ ప్రాసయతి, అంటే యతి చోట రెండో అక్షరం “గ” కలిసింది. “సగము సగము” అన్న మాటలోనే గణితమంతా ఉంది. 1ని 7తో భాగిస్తూ పోతే శేషాలు 1, 3, 2, 6, 4, 5, మళ్లీ 1. ఈ చక్రంలో 6 దగ్గర మొదలుపెడితే ఆరు రెట్లు. 1 నుంచి 6కి మూడడుగులు, అంటే సగం చుట్టు. అందుకే 142, 857 చోట్లు మార్చుకున్నాయి. రెండు రెట్లకు ఈ మాట చెల్లదు, అక్కడ 285714.

కందుకూరు అన్న: నా రెండో పాదం చూడండి మాస్టారూ. “ఏడు రెట్లు చేయ తొమ్మిదులగు”. 999999 వస్తుంది కదా, అది చెప్పాలని.

ఒంగోలు మాస్టారు: గణాలు కుదిరాయన్నా, యతి కుదరలేదు, అంటే పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవలేదు. ఏ–తొ చెల్లవు. “తుదకు నేడు రెట్ల తొమ్మిదులగు” అనండి, తు–తొ సరిపోతాయి. భావం మాత్రం వదలొద్దు, తిరుగుడు ఆగేది అక్కడే.

నెల్లూరు తమ్ముడు: మాస్టారూ, దీని వర్గం 20408122449. 20408, 122449 కలిపితే మళ్లీ 142857! దీనికి కందం పాదం ఇవ్వరా?

ఒంగోలు మాస్టారు: ఇస్తాను. ముందు అక్క పద్యంలాగా నీది కుడి నుంచి ఎడమకు తిప్పి రాసి పెట్టు.