‘స్టోనర్ కామెడీ’ జంటలను తెలుగులో ఏమనాలి?

అమెరికా సినిమాల మీద వ్యాసం రాస్తున్న సభ్యురాలు ‘స్టోనర్ కామెడీ’కి, అంటే గంజాయి మత్తులో తిరిగే మిత్రుల చుట్టూ అల్లిన హాస్య చిత్రాలకు, వాటిలోని జంటలకు తెలుగు మాట అడిగారు. ‘గంజాయి కామెడీ’ సరిపోతుందని ఇద్దరు ముగ్గురు మిత్రులు ఇప్పటికే సూచించారు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. కారణం ఆ సినిమాల్లోనే ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

తెలుగులో గంజాయి అన్న మాట తన వెంట నిందను కూడా తెస్తుంది. ‘గంజాయి వనంలో తులసి మొక్క’ అన్నప్పుడు అది చెడుకు మారుపేరు. ఈనాడు ‘గంజాయి బ్యాచ్’ అనగానే అర్ధరాత్రి వీధి మలుపులో దారిన పోయేవాణ్ని అడ్డగించి కొట్టే ముఠా కళ్లముందు నిలుస్తుంది. స్టోనర్ అన్న మాటలో ఈ భయం లేదు. లోకమంతా పరుగులు పెడుతుంటే తాను నింపాదిగా వెనకబడిపోయే, ఎవరికీ కీడు తలపెట్టని మనిషి అందులో కనిపిస్తాడు. 1978లో వచ్చిన ‘అప్ ఇన్ స్మోక్’ సినిమాలో టామీ చాంగ్ వేసిన పాత్రకు ఇంటిపేరే స్టోనర్ అన్న సంగతి మనం మరవకూడదు.

ఆ సినిమాలో చాంగ్‌కు జోడీ అయిన చీచ్ మారిన్ కారు నడుపుతుంటే చాంగ్ పక్కన కూర్చుని ఉంటాడు. బండి నిండా పొగ కమ్ముకుంటుంది. తాను సరిగ్గానే నడుపుతున్నానా అని మొదటివాడు కంగారు పడితే, రెండోవాడు బయటికి చూసి, మనం ఆగి ఉన్నట్టున్నామని చెబుతాడు. కారు నిజంగానే ఆగి ఉంటుంది. వాళ్లు మాటకు ముందొకసారి, వెనకొకసారి అనుకునే ‘మ్యాన్’ను ‘మనిషీ’ అని అనువదిస్తే ప్రాణం పోతుంది. మన కుర్రాళ్లు స్నేహితుణ్ని పిలిచే ‘మామా’ తప్ప దానికి సాటి మాట నాకు తోచలేదు.

గంజాయికీ హాస్యానికీ మన దగ్గర పొత్తు లేకపోలేదు. ‘కుంజర యూధంబు దోమ కుత్తుక జొచ్చెన్’ అన్న సమస్యకు తెనాలి రామకృష్ణుడి పూరణగా చెప్పుకునే చాటువు ‘గంజాయి త్రాగి’ అన్న మాటతోనే మొదలవుతుంది. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందనేవాడు మత్తులో ఉండి ఉండాలని దాని భావం. అయితే అక్కడ కవి పొగకు బయట నిలబడి ఎదుటివాణ్ని తిడుతున్నాడు. ఈ సినిమాల్లో ప్రేక్షకుడు కూడా ఆ కారులోనే, ఆ పొగలోనే కూర్చుంటాడు. నా దృష్టిలో అసలు తేడా ఇదే. అందుకే నిందను మోసే మాట ఇక్కడ పనికిరాదు.

నేను ప్రతిపాదించే మాట ‘కైపు’. అరబ్బీ ‘కైఫ్’ ఉర్దూ మీదుగా మనకు వచ్చి పూర్తిగా మనదైపోయింది. ‘కైపెక్కింది’ అంటే కల్లుకు, పాటకు, చూపుకు కూడా చెల్లుతుంది. ‘కైపు హాస్యం’ అన్నప్పుడు నేరం వెనక్కి తగ్గి మనఃస్థితి ముందుకు వస్తుంది.

ఇక ‘జంట’ సంగతి. ‘ద్వయం’ వాడమన్న మిత్రుడి సూచన తప్పు కాదు గానీ, జంటకవులున్న భాషలో ‘జంట’ను వదులుకోవడం నాకు ఇష్టం లేదు. పైగా ఈ సినిమాల్లోని రెండు తరాల జంటల మధ్య తేడాను ఆ మాటే పట్టి ఇస్తుంది. చీచ్, చాంగ్ తమ హాస్యాన్ని తామే రాసుకున్నారు. సినిమాలకు ముందు 1971 నుంచే హాస్యపు రికార్డులు వెలువరించారు. తిరుపతి వేంకట కవుల్లో ఏ పద్యం ఎవరిదో విడదీయలేనట్టే వీరిద్దరి మాటలనూ విడదీయలేం. 2004లో వచ్చిన ‘హెరాల్డ్ అండ్ కుమార్ గో టు వైట్ క్యాజిల్’ సినిమాలోని హెరాల్డ్, కుమార్ అలా కాదు. జాన్ హర్విట్జ్, హేడెన్ ష్లాస్‌బర్గ్ అనే మరో జంట రాసిన పాత్రలకు జాన్ చో, కాల్ పెన్ ప్రాణం పోశారు. మొదటిది జంటకవుల వంటి జంట, రెండోది పాత్రల జంట.

బతుకులు కూడా వేరు. పాత జంటకు ఉద్యోగం సద్యోగం లేదు, పొగే వారి లోకం, పోలీసులు వెంటాడుతూనే ఉంటారు. ఆ వేట తెర మీదనే ఆగలేదు: పొగ పీల్చే గొట్టాలను ఇంటర్నెట్‌లో అమ్మిన కేసులో 2003లో చాంగ్‌కు తొమ్మిది నెలల జైలుశిక్ష పడింది. ఆ మరుసటి ఏడే తెరకెక్కిన హెరాల్డ్ పెట్టుబడుల బ్యాంకులో ఉద్యోగి, కుమార్ తండ్రి కోరిన వైద్యవిద్యను తప్పించుకు తిరిగే కుర్రాడు. కొడుకును డాక్టరుగా చూడాలని పట్టుబట్టే ఆ తండ్రి మన ఇళ్లకు కొత్తవాడేమీ కాదు. దమ్ము కొట్టాక ఆకలేసి, బర్గర్ల కోసం ఈ ఇద్దరూ న్యూజెర్సీలో రాత్రంతా తిరుగుతారు. న్యూ బ్రన్‌స్విక్‌లో ఉండాల్సిన వైట్ క్యాజిల్ దుకాణం అక్కడ లేకపోవడంతో చెర్రీ హిల్ దాకా పోవలసి వస్తుంది. ఈ ఆకలికి ఇంగ్లీషులో ‘మంచీస్’ అని ప్రత్యేకంగా ఒక మాట ఉంది. దానికి మాత్రం మనం వెతుక్కోనక్కరలేదు. ‘ఆబ’ ఉంది. ‘ఆబగా తిన్నాడు’ అని మా అమ్మమ్మ అన్నప్పుడు ఆ తినే తీరూ, చేతివేగమూ రెండూ కనిపించేవి.

కాబట్టి అమ్మా, మీ వ్యాసంలో రెండు తరాలకూ ‘కైపు జంట’ అనే రాయండి. హెరాల్డ్, కుమార్ దగ్గరికి వచ్చినప్పుడు ‘ఆబ’ను తప్పక వాడండి.